మందు గోలీలు జైలు గేటు దగ్గరే ఆగిపోతున్నాయి: ఉత్తర తెలంగాణ జైళ్ళలోని మానసిక రోగుల గురించి బహిరంగ లేఖ

రాష్ట్ర జైళ్ళ శాఖ డైరెక్టర్ జనరల్ గారికి,
వైద్యారోగ్య శాఖ ఉన్నతాధికారులకు, రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థకు,
వరంగల్, హనుమకొండ, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ తదితర జిల్లాల గౌరవ న్యాయమూర్తులకు,

నమస్కారం.

నేను హనుమకొండలో వకీలుగా పని చేస్తున్నాను. వకీలును పెట్టుకునే స్తోమత లేని రిమాండ్ ఖైదీల కేసులు న్యాయ సహాయం కింద చూస్తుంటాను. తీవ్రమైన మానసిక జబ్బుతో జైళ్ళలో ఉన్నవాళ్ళ గురించి సంబంధిత కార్యాలయాలకు వినతిపత్రాలు ఇచ్చాను. సమాచార హక్కు చట్టం కింద ప్రశ్నలు అడిగాను. మీ దరఖాస్తును తగిన విభాగానికి పంపించాం అన్న ముక్క తప్ప జవాబు రాలేదు. ఆ విభాగం ఏదో, అక్కడ నా కాగితం ఏమైందో ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ మాటలు అందరి ముందూ పెడుతున్నాను.

ఎవరినో దోషిగా నిలబెట్టాలని ఇది రాయడం లేదు. జైలు డాక్టర్లలో, వార్డర్లలో మనసున్నవాళ్ళను చూశాను. ఒంటి మీద స్పృహ లేని తోటి ఖైదీకి అన్నం కలిపి తినిపించే ఖైదీలున్నారని ములాఖత్‌లో విన్నాను. పెట్రోలు బంకులు పెట్టి ఖైదీలకు పని చూపించిన శాఖ ఇది. అంత చేయగలిగిన శాఖకు, ఒక రోగికి రాత్రిపూట వేసుకోవాల్సిన గోలీ అందించడం చేతకాని పని కాదు. ఆ నమ్మకంతోనే అడుగుతున్నాను.

ముందుగా లెక్క సంగతి. జాతీయ నేర గణాంకాల సంస్థ చెప్పిన ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. వాళ్ళలో నూటికి 76 మంది విచారణ ఖైదీలే, అంటే నేరం రుజువు కానివాళ్ళు. ఇంతమందిలో మానసిక రోగులుగా రికార్డుకెక్కినవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో మాత్రం, బయట మన మధ్య తిరిగే పెద్దవాళ్ళలోనే నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేలింది. బెంగళూరు సెంట్రల్ జైల్లో జాతీయ మానసిక వైద్య సంస్థ అయిన నిమ్హాన్స్ వైద్యులు ఐదు వేల మందికి పైగా ఖైదీలను పరీక్షించారు. తాగుడు, మత్తు అలవాట్లను పక్కన పెట్టినా నూటికి 27 మందికి పైగా మానసిక రుగ్మతలు కనిపించాయి. పేద, మధ్యాదాయ దేశాల జైళ్ళ మీద 2019లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక వేసిన అధ్యయనం, ఆ ఖైదీల్లో నూటికి ఆరుగురు సైకోసిస్‌తో ఉన్నారని అంచనా కట్టింది. సైకోసిస్ అంటే మామూలు దిగులు కాదు. లేని గొంతులు వినపడడం, ఎవరో చంపడానికి వస్తున్నారని గట్టిగా నమ్మడం, తన మాట మీద తనకే పట్టు లేకపోవడం.

బయటి జనంలో పది, జైల్లో రెండు కన్నా తక్కువ. ఇది నమ్మదగిన లెక్కేనా? జబ్బున్నవాళ్ళు లోపల తక్కువున్నారని దీని అర్థం కాదు, ఎవరూ చూడలేదని అర్థం.

2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో 103వ సెక్షన్ పూర్తిగా ఖైదీల గురించే. దాని ప్రకారం జైలు వైద్యాధికారి మూడు నెలలకోసారి, రోగుల హక్కులు చూడడానికి ఇదే చట్టం పెట్టిన మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి నివేదిక పంపాలి. ఈ జైల్లో మానసిక రోగులెవరూ లేరని అందులో ధ్రువీకరించాలి. చట్టం ఉద్దేశం మంచిదే. రోగులను వెతికి పట్టుకుని, జైల్లోని మానసిక వైద్య వార్డుకో బయటి దవాఖానకో తరలించి, ఆ తర్వాత లేరని రాయమంటోంది. వెతకకుండానే లేరని రాస్తే, రోగిని మాయం చేసేది ఆ కాగితమే. మండలికి అనుమానం వస్తే జైలుకు వెళ్ళి, ఈ మనిషిని ఇంకా ఇక్కడ ఎందుకు ఉంచారని డాక్టరును అడగవచ్చు. మన జిల్లాల జైళ్ళ నుంచి అలాంటి నివేదికలు వెళ్ళాయా? వెళితే వాటిలో ఏం రాశారు? మండలి సభ్యులు ఏ జైలుకైనా వచ్చి చూశారా? నేను అడిగిన ప్రశ్నలివే.

ఇక కోర్టు వరండాల్లో, జైలు గేట్ల దగ్గర నా కళ్ళతో చూస్తున్నవి చెబుతాను.

1. మొదటి మూడు రోజులు

అరెస్టయిన మనిషిని మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టి, రిమాండ్ రాయించి, జైలుకు చేర్చేసరికి తరచుగా రాత్రవుతుంది. అప్పుడు జరిగే వైద్య పరీక్షలో దెబ్బలున్నాయా, బీపీ ఎంత అని చూస్తారు. నీకు గొంతులు వినపడతాయా, మనసుకు సంబంధించి ఏమైనా మందులు వాడుతున్నావా, చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగే తీరిక, శిక్షణ ఎవరికీ ఉండవు. ఆ మనిషి అంతకు ముందు ఏళ్ళ తరబడి స్కిజోఫ్రేనియాకు ఒలాంజపిన్ వేసుకుంటుండవచ్చు, బైపోలార్ జబ్బుకు లిథియం వాడుతుండవచ్చు. ఆ రాత్రితో మందు బంద్.

మర్నాడు తల్లి వస్తుంది. చేతిలో ఒక పాలిథిన్ కవర్. అందులో సగం అయిపోయిన గోలీల షీటు, మడతల దగ్గర చిరిగిన ఓపీ చిట్టీ. ‘సారూ, ఇవి ఏసుకోకపోతే వాడు మనిషిగ ఉండడు, జర లోపలికి పంపియ్యిండ్రి’ అని గేటు దగ్గర బతిమాలుతుంది. బయటి మందులు లోపలికి తీసుకోకూడదని కాపలా ఉన్నాయన అంటాడు. ఆ నియమాన్ని నేను తప్పు పట్టను. గోలీల పేరుతో ఏవేవో లోపలికి పోతాయన్న భయం నిజమే. కానీ ఆ చిట్టీ చూసి, అదే మందు జైలు దవాఖాన నుంచి ఆ పూటే ఇప్పించే దారి ఒకటి ఉండాలి కదా. అది లేదు. ఆ తల్లి కవర్‌తో పాటే తిరిగి బస్సెక్కుతుంది. షుగర్ రోగిని రిమాండ్‌కు పంపితే ఇన్సులిన్ ఆపుతామా? ఈ మందులు ఆగిపోయినా అంతే ప్రమాదం. కొన్ని వారాల్లో జబ్బు తిరగబెడుతుంది. మళ్ళీ దారిలో పెట్టడానికి నెలలు పడుతుంది.

మన ప్రాంతానికి ఇంకో బెడద ఉంది. కల్తీ కల్లు. నిజామాబాద్, కామారెడ్డి వైపు వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు పదార్థాలు కలిపిన కల్లుకు ఏళ్ళుగా అలవాటైన ఒంటికి అది ఒక్కసారిగా ఆగిపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగినప్పుడు అలాంటివాళ్ళతో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల నిండిపోయిన సంగతి అందరికీ గుర్తుంది. సారాకో విస్కీ, బ్రాందీలకో అలవాటు పడ్డవాడికి రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య ప్రాణం మీదికి వస్తుంది. సరిగ్గా ఆ గంటల్లోనే ఆ మనిషి కొత్త ఖైదీగా బ్యారక్‌లో ఉంటాడు. వాడు గోడలతో మాట్లాడుతుంటే ‘నకరాలు చేస్తుండు’ అంటారు. నకరాలు కావవి. వేళకు గుర్తిస్తే మామూలు దవాఖానలో ఉన్న మందులతోనే తగ్గే జబ్బు, గుర్తించకపోతే చంపే జబ్బు.

2. బ్యారక్‌లో

అరిచేవాడికి శిక్ష పడుతుంది, మౌనంగా ఉండేవాడిని మరిచిపోతారు. గొంతులు వినపడి రాత్రంతా కేకలు పెట్టేవాడి వల్ల పక్కన పదులమందికి నిద్ర ఉండదు. తిడతారు, కొడతారు. ఆ తర్వాత వాడిని విడిగా ఒక గదిలో పెడతారు. మానసిక జబ్బున్నవాళ్ళను ఒంటరిగా నిర్బంధిస్తే జబ్బు ముదురుతుందనే 2015లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు దాన్ని వద్దంటున్నాయి. తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్ళు జైలులో కాక మానసిక వైద్యశాలలో ఉండాలని కూడా ఆ నియమాలే చెబుతున్నాయి. మూల కూర్చుని అన్నం మానేసినవాడు మాత్రం ఎవరికీ ఇబ్బంది కలిగించడు. అందుకే వాడి పేరు డాక్టరు దాకా పోదు. 2022లో దేశంలోని జైళ్ళలో 119 మంది ఆత్మహత్య చేసుకున్నారు. ఆ ఏడాది జరిగిన అసహజ మరణాల్లో నాలుగింట మూడు వంతులు ఇవే.

3. దూరం, ఎస్కార్ట్

పూర్తిస్థాయి ప్రభుత్వ మానసిక వైద్యశాల అంటే మనకు ఎర్రగడ్డే. వరంగల్ నుంచి హైదరాబాద్ 150 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నుంచి 300. జైలు డాక్టరు రాసినంత మాత్రాన ఖైదీ దవాఖానకు చేరడు. ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసుల ఎస్కార్ట్ కావాలి. ఎన్నికలొచ్చినా, పెద్ద నాయకుల పర్యటన ఉన్నా, మేడారం జాతర బందోబస్తు పడినా ఎస్కార్ట్ దొరకదు. పోగొట్టుకున్న ఓపీ తేదీ మళ్ళీ నెలకు గానీ రాదు. వరంగల్‌లోనే ఎంజీఎం దవాఖాన ఉంది, కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది, అక్కడ మానసిక వైద్య విభాగం ఉంది. ఆ డాక్టర్లు దగ్గర్లోని జైలుకు వచ్చి చూస్తే ఒక్క పూటలో ఇరవై మందిని చూడగలరు. ఇరవై మందిని బయటికి తీసుకుపోవాలంటే ఎన్ని బండ్లు, ఎంతమంది పోలీసులు కావాలో లెక్క వేసుకోండి.

నిజాం కాలం నాటి వరంగల్ సెంట్రల్ జైలును 2021లో ఖాళీ చేసి కూల్చేశారు. లోపలివాళ్ళను చర్లపల్లి, చంచల్‌గూడ, ఖమ్మం తదితర జైళ్ళకు పంపారు. ఆ స్థలంలో మల్టీ సూపర్ స్పెషాలిటీ దవాఖాన తలపెట్టారు. దవాఖాన వద్దని ఎవరంటారు? కానీ ములాఖత్‌లకు పోయే కుటుంబాల మీద పడ్డ బరువు ఎవరూ లెక్క కట్టలేదు. పొద్దున కూలి వదులుకుని, రెండు బస్సులు మారి, గంటలు నిలబడి, కొన్ని నిమిషాలు మాట్లాడి వచ్చే తల్లిదండ్రులు మెల్లగా రావడం తగ్గిస్తారు. మామూలు ఖైదీకి అది బాధ. మానసిక రోగికి బాధ ఒక్కటే కాదు, నష్టం కూడా. వాడి జబ్బు చరిత్ర, ఏ మందు పడింది, ఏది పడలేదు, పోయినసారి ఎలా మొదలైంది, ఇవన్నీ తెలిసిన మనుషులు వాళ్ళే.

4. వాయిదాలు

బావుల దగ్గర మోటారు వైర్లు ఎత్తుకుపోయాడని కేసు పడ్డ ఒక యువకుడి తరఫున నేను హాజరయ్యాను. జడ్జి గారు పేరు అడిగితే చెప్పాడు. వెంటనే పైన తిరుగుతున్న ఫ్యాను వైపు వేలు చూపించి, ‘ఆయన చెప్పొద్దంటున్నడు’ అని నోరు మూసుకున్నాడు. కోర్టు హాల్లో కొందరు నవ్వారు. నిందితుడు విచారణను అర్థం చేసుకునే స్థితిలో లేడని అనిపిస్తే వైద్య పరీక్షకు పంపాలని, అది తేలితే విచారణ ఆపాలని క్రిమినల్ కేసులు నడిపే కొత్త చట్టం భారతీయ నాగరిక సురక్షా సంహితలో 367వ సెక్షన్ నుంచి స్పష్టంగా ఉంది. పాత చట్టం సీఆర్‌పీసీలోనూ ఉంది. ఇక్కడే మెలిక. విచారణ ఆగుతుంది, మనిషి మాత్రం జైల్లోనే ఉంటాడు. వైద్య నివేదిక రాలేదని ఒక వాయిదా, ఎస్కార్ట్ రాలేదని ఒకటి, సైకియాట్రిస్ట్ సెలవులో ఉన్నారని ఇంకొకటి. దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్ళు. నేరం ఒప్పుకున్నవాడైతే ఎప్పుడో శిక్ష అనుభవించి ఇంటికి పోయేవాడు. మతి సరిగా లేనివాడు ఒప్పుకోలేడు, వాదించుకోలేడు, అందుకే ఎక్కువ కాలం ఉంటాడు.

న్యాయమూర్తులకు గౌరవంతో ఒక సెక్షన్ గుర్తు చేస్తున్నాను. 369. అలాంటి నిందితుడికి దవాఖానలో చేర్చి వైద్యం చేయాల్సినంత అవసరం లేకపోతే, బంధువో స్నేహితుడో దగ్గర్లోని దవాఖానలో క్రమం తప్పకుండా చూపిస్తామని, ఎవరికీ హాని జరగకుండా చూసుకుంటామని హామీ ఇస్తే, బెయిలు ఇవ్వదగని కేసుల్లో కూడా విడుదల చేయవచ్చు. చేర్చాల్సిన అవసరం ఉంటే దవాఖానకు పంపాలి. రెండింటిలోనూ జైలు లేదు. 479వ సెక్షన్ ప్రకారం, మరణశిక్షో యావజ్జీవమో పడే కేసులు కానప్పుడు, మొదటిసారి కేసులో పడ్డవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగతావాళ్ళు సగం కాలం గడిపితే విడుదలకు అర్హులు. ఆ సంగతి కోర్టుకు రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. ష్యూరిటీలు తెచ్చుకోలేని పేదలకు డబ్బు సాయం చేసే కేంద్ర పథకం 2023 నుంచి ఉంది. మతి సరిగా లేనివాడు వీటిలో దేన్నీ తనంతట తాను అడగలేడు.

ఇది ఎంతదాకా పోతుందో దేశం చూసింది. అప్పటి బిహార్‌లోని హజారీబాగ్ జైల్లో మతి సరిగా లేదన్న పేరుతో దశాబ్దాలుగా మగ్గినవాళ్ళ సంగతి 1982లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఏ నేరమూ లేని మానసిక రోగులను జైళ్ళలో ఉంచడం రాజ్యాంగ విరుద్ధమని అదే కోర్టు 1993లో తేల్చింది. అస్సాంలో 1951లో అరెస్టయిన ఒక గిరిజనుడు విచారణ లేకుండానే 54 ఏళ్ళు గడిపి 2005లో బయటికి వచ్చాడు. అంత దూరం మన దగ్గర పోలేదని ఊరుకోకండి. మన దగ్గర ఎంత దూరం పోయిందో చెప్పే లెక్కే లేదు.

5. బావిలో దూకిన తల్లులు

ఈ విషయం దగ్గర నా మనసు ఎక్కువసేపు ఆగుతుంది. పిల్లలను తీసుకుని బావిలోనో చెరువులోనో దూకిన తల్లి వార్త మన జిల్లా పేజీల్లో ఎంత తరచుగా వస్తుందో మీకు తెలుసు. ఒక్కోసారి పిల్లలు పోతారు, తల్లిని ఎవరో జుట్టు పట్టి పైకి లాగుతారు. దవాఖాన నుంచి ఆమె నేరుగా జైలుకు పోతుంది, హత్య కేసు మీద. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్ళు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని, వాళ్ళను శిక్షించకూడదని 2017 చట్టం 115వ సెక్షన్ చెబుతుంది. కానీ హత్య కేసు అలాగే ఉంటుంది.

కాన్పు తర్వాత వెయ్యిమందిలో ఒకరిద్దరికి సైకోసిస్ వస్తుంది. ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే మొదలవుతుంది. బిడ్డకు ఏదో పట్టిందని, బిడ్డను ఎవరో చంపబోతున్నారని, తాను పోతే బిడ్డకు దిక్కుండదని ఆమెకు గట్టిగా అనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందంటారు, బాణామతి అంటారు, తాయెత్తు కడతారు. వైద్యం చేస్తే తగ్గే జబ్బు ఇది. తీవ్రమైన డిప్రెషన్ కూడా అంతే.

ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ ప్రకారం, చేసే పని ఏమిటో, అది తప్పో కాదో తెలియనంత మతి చెడిన స్థితిలో చేసింది నేరం కాదు. అయితే నేరం జరిగిన క్షణంలో మనసు ఎలా ఉందో చూపించాలి, ఆ భారం నిందితురాలి మీదే ఉంది. విచారణ ఎప్పుడో రెండు మూడేళ్ళకు మొదలవుతుంది. అప్పటికి జబ్బు తగ్గిపోయి ఆమె బోనులో నిదానంగా నిలబడి ఉంటుంది. ఈమెకేమైంది, బాగానే ఉంది కదా అని అవతలివాళ్ళు అంటారు. మొదటి వారంలో ఒక సైకియాట్రిస్ట్ చూసి నాలుగు వాక్యాలు రాసి ఉంటే అదే ఆమెకు సాక్ష్యం. ఆ నాలుగు వాక్యాలు ఎవరూ రాయరు. తన బిడ్డను తన చేతులతోనే పోగొట్టుకున్నానన్న స్పృహ తిరిగి వచ్చే రోజు ఆమె జైలు గోడల మధ్య, తనవాళ్ళెవరూ పక్కన లేకుండా ఉంటుంది. ఆ రోజు ఆమెను ఎవరు కనిపెట్టుకుని ఉంటున్నారు? ఈ ప్రశ్నకు జైళ్ళ శాఖ నుంచి నాకు విడిగా జవాబు కావాలి.

6. విడుదల

బెయిలు కాగితాలు సాయంత్రానికి చేరతాయి, చీకటి పడ్డాక వదులుతారు. లోపల మందు మొదలుపెట్టి ఉంటే అది అక్కడే ఆగుతుంది. చేతిలో గోలీలుండవు, ఏం వాడాలో రాసిన చిట్టీ ఉండదు, ఇంటికి ఫోన్ పోదు. ఊళ్ళో అప్పటికే పిచ్చోడు అన్న పేరు, ఇప్పుడు జైలుకు పోయొచ్చినోడు అన్న పేరు తోడవుతుంది. పని ఇచ్చేవాడుండడు. కొన్ని నెలలకు జబ్బు తిరగబెట్టి, ఇంకో గొడవ జరిగి, ఇంకో కేసు. కేసుల కోసం, తిరుగుడు కోసం ఉన్న అరెకరమో ఎకరమో అమ్ముకున్న కుటుంబాలు నాకు తెలుసు. ఇందులో సమాజానికి కలిగిన భద్రత ఏమిటో నాకు అర్థం కాదు.

ఇవన్నీ చెప్పాక, నేను అడిగేవి ఇవి. కొత్త చట్టం అక్కర్లేదు. దాదాపు అన్నీ ఉన్న చట్టంలో ఉన్నవే.

1. మానసిక ఆరోగ్య సమీక్షా మండళ్ళకు ఉత్తర తెలంగాణ జైళ్ళ నుంచి వెళ్ళిన త్రైమాసిక నివేదికలను, రోగుల పేర్లు తీసేసి, బయటపెట్టండి. పంపకపోతే పంపలేదని చెప్పండి.

2. ప్రతి కొత్త ఖైదీకి మొదటి 24 గంటల్లో మానసిక ఆరోగ్యం గురించి తప్పనిసరిగా అడగాలి: వాడుతున్న మందులు, కల్లు, సారా, గంజాయి అలవాట్లు, ఆత్మహత్య ఆలోచనలు. మొదటి నాలుగు రోజులు అలవాటు మానిన లక్షణాల కోసం కనిపెట్టి ఉండాలి. జైళ్ళ వైద్యాధికారులందరికీ మానసిక వైద్యంలో ప్రాథమిక శిక్షణ ఇవ్వాలని 2017 చట్టం 31వ సెక్షన్‌లోనే ఉంది. ఎంతమందికి ఇచ్చారో చెప్పండి. వార్డర్లకు కూడా ఇవ్వండి, రాత్రిపూట ఖైదీని చూసేది వాళ్ళే.

3. గేటు దగ్గర కుటుంబం తెచ్చిన మందుల చిట్టీని తీసుకుని, రసీదు ఇచ్చి, అదే మందును అదే రోజు జైలు దవాఖాన నుంచి ఇచ్చే పద్ధతి పెట్టండి. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

4. ఎంజీఎం, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ ప్రభుత్వ దవాఖానల నుంచి సైకియాట్రిస్ట్ వారానికి ఒకసారి జైలుకు రావాలి, సబ్ జైళ్ళను కూడా కలుపుకుని. మధ్యలో అవసరమైతే వీడియో ద్వారా చూడాలి. టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సహాయ కేంద్రం 14416 నంబరుకు ఖైదీలు ఫోన్ చేసుకునే ఏర్పాటు ఉండాలి.

5. మల్టీ సూపర్ స్పెషాలిటీ దవాఖానలో ఖైదీల కోసం ఒక మానసిక వైద్య వార్డు కేటాయించండి. నూటపాతికేళ్ళకు పైగా జైలు ఉన్న స్థలం అది. వరంగల్‌కు కట్టే కొత్త జైలు ప్లానులో కూడా మానసిక వైద్య వార్డు ఉండాలి. గోడలు లేచాక అడిగితే చోటు లేదంటారు, అందుకే ఇప్పుడే అడుగుతున్నాను.

6. దవాఖానకు తీసుకుపోయే ఎస్కార్ట్‌ను బందోబస్తు లెక్కలో కలపకుండా విడిగా ఉంచమని పోలీసు శాఖకు విజ్ఞప్తి. ఇంకొక మాట కూడా. దారి తప్పి తిరిగే మానసిక రోగులను లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదని 2017 చట్టం 100వ సెక్షన్ చెబుతోంది. అలాంటివాళ్ళ మీద చిల్లర దొంగతనం కేసు రాసి రిమాండ్‌కు పంపడం ఆపండి.

7. విచారణ ఆగిపోయిన మానసిక రోగుల కేసులన్నింటినీ జిల్లా న్యాయమూర్తులు ఒక జాబితాగా తెప్పించుకుని, 369, 479 సెక్షన్ల కింద ఎవరు అర్హులో నెలకోసారి చూడాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ప్రతి ఒక్కరికీ ఒక వకీలును పేరుపేరునా అప్పగించాలి.

8. కాన్పయిన ఏడాదిలోపు తల్లి మీద బిడ్డ మరణం కేసు పెడితే, అరెస్టయిన 48 గంటల్లో సైకియాట్రిస్ట్ పరీక్ష జరిగి ఆ నివేదిక కేసు ఫైల్లో చేరాలి. పరీక్ష కాకుండా రిమాండ్ పొడిగించవద్దని న్యాయమూర్తులను చేతులెత్తి అడుగుతున్నాను.

9. విడుదలైన ప్రతి మానసిక రోగికి నెల రోజుల మందులు, చిట్టీ, దగ్గర్లోని దవాఖాన ఓపీ తేదీ ఇచ్చి, పగటిపూట, కుటుంబానికి చెప్పి పంపండి.

తోటి వకీళ్ళకూ ఒక విన్నపం. క్లయింట్ మాటలు అతకడం లేదని అనిపించిన మొదటి వాయిదా నాడే దరఖాస్తు వేయండి. వాదనల రోజు దాకా దాచిపెడితే ఆ వాదనకు బలం ఉండదు.

ఈ లేఖ ప్రతులను రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు, రాష్ట్ర న్యాయసేవాధికార సంస్థకు కూడా పంపుతున్నాను. 1, 3, 7 అంశాలకు డబ్బు అక్కర్లేదు, సంతకం చాలు. వాటి మీద మూడు నెలల్లోపు లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను. రాకపోతే ఇవే అంశాలతో హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేస్తాం. తమవాళ్ళ మందుల చిట్టీలు, తిరిగిన తేదీలు పట్టుకుని అందులో భాగం కావడానికి కొన్ని కుటుంబాలు సిద్ధంగా ఉన్నాయి.

ఇట్లు,
న్యాయ సహాయం కేసులు చూసే ఒక వకీలు,
హనుమకొండ